రెండో కుర్చీని ఖాళీ కానివ్వకండి: పౌర విమానయాన డైరెక్టర్ జనరల్‌కు ఒక విశ్రాంత లోకో పైలట్ బహిరంగ లేఖ

గౌరవనీయులైన పౌర విమానయాన డైరెక్టర్ జనరల్ గారికి,
కేంద్ర పౌర విమానయాన మంత్రిత్వ శాఖ అధికారులకు,

నమస్కారం.

నేను మహబూబ్‌నగర్‌లో ఉంటున్న విశ్రాంత లోకో పైలట్‌ని. మీటర్ గేజ్ రోజుల్లో రైల్వేలో చేరి డీజిల్ అసిస్టెంట్‌గా, షంటర్‌గా, గూడ్స్ డ్రైవర్‌గా, చివరికి మెయిల్ డ్రైవర్‌గా పనిచేశాను. నా ఉద్యోగంలో సగం రాత్రులు సికింద్రాబాద్, డోన్ మధ్యనే గడిచాయి. విమానం నడపడం నాకు రాదు. కాక్‌పిట్ లోపలి భాగాన్ని ఫొటోల్లో తప్ప చూడలేదు. అయినా ఈ లేఖ రాసే అర్హత నాకు ఉందనే నమ్ముతున్నాను. వెనక వెయ్యి మంది నిద్రపోతుంటే చీకట్లోకి చూస్తూ కూర్చునే పని ఎలాంటిదో నాకు తెలుసు. ఆ పనిలో పక్కన మరో మనిషి ఉంటే ఎంత ధైర్యమో ఇంకా బాగా తెలుసు.

శంషాబాద్ విమానాశ్రయం 2008 మార్చిలో మొదలైంది. దానికి దగ్గరలోని రైల్వే స్టేషన్ ఉందానగర్. రాత్రి డ్యూటీలో ఆ స్టేషన్ దాటుతుంటే దీపాలు వేసుకుని కిందికి దిగుతున్న విమానాలు కనిపించేవి. ‘‘వాళ్లూ మనలాగే ఇద్దరు సార్’’ అని మా అసిస్టెంట్ ఒకసారి అన్నాడు. ఆ మాట నాకు ఎందుకో నచ్చింది. తర్వాత దిగే విమానం కనబడ్డప్పుడల్లా, ఆ దీపాల వెనక ఒకరికొకరు అంకెలు చదివి వినిపించుకుంటున్న ఇద్దరు మనుషులను ఊహించుకునేవాణ్ని.

ఆ ఇద్దరిలో ఒకరిని తీసేయాలన్న ఆలోచన ఇప్పుడు కాగితాల మీద నడుస్తోంది. దూర ప్రయాణాల ఏ350 విమానంలో, పైకి ఎక్కాక నిలకడగా సాగే గంటల్లో ఒకే పైలట్‌ను కూర్చోబెట్టే పద్ధతి కోసం ఎయిర్‌బస్, కేథే పసిఫిక్ కలిసి పనిచేస్తున్నట్టు 2021లో వార్తలు వచ్చాయి. 2022లో జర్మనీ, బ్రిటన్, న్యూజిలాండ్ సహా 40కి పైగా దేశాలు అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ ఐకావోను ఆశ్రయించాయి. ఒంటరి పైలట్ విమానాలు సురక్షితంగా నడిచే దారి చూపమన్నది వారి కోరిక. మొదటి మెట్టులో విమానం ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ ఇద్దరు ఉంటారు, మధ్యలో ఒకరు వెళ్లి పడుకుంటారు. రెండో మెట్టులో మొదటి నుంచి చివరి వరకూ ఒక్కరే ఉంటారు, అవసరమైతే నేల మీద ఉన్న మరొకరు సాయం చేస్తారు. మొదటి మెట్టు ఎక్కిన చోట రెండోది ఎక్కకుండా ఎవరూ ఆగరు. అందుకే మొదటి మెట్టు దగ్గరే మీతో మాట్లాడాలనుకున్నాను.

ముందు నా సంగతి ఒకటి చెప్పుకోవాలి. ఇంట్లో కూడా చాలా ఏళ్లు చెప్పలేదు.

20 ఏళ్ల కిందటి మాట. గూడ్స్ బండి, వరసగా రెండో రాత్రి డ్యూటీ, తెల్లవారుజాము మూడున్నర దాటింది. మా పనిలో ఒక నియమం ఉంది. సిగ్నల్ కనబడగానే అసిస్టెంట్ దాని రంగును పైకి చెప్పాలి, డ్రైవర్ అదే మాటను తిరిగి చెప్పాలి. కాల్ అవుట్ అంటాం. ఆ రాత్రి అసిస్టెంట్ ‘‘డిస్టెంట్, కాషన్’’ అన్నాడు. స్టేషన్‌కు ముందు వచ్చే తొలి సిగ్నల్ పసుపు రంగులో ఉంది, ఆగడానికి సిద్ధపడాలని అర్థం. నేనూ ‘‘కాషన్’’ అన్నాను. అన్నానని తర్వాత అతను చెబితేనే తెలిసింది. నోరు పలికింది, చెయ్యి బ్రేకు మీదికి వెళ్లలేదు. ఇంజిన్లో డ్రైవర్ మెలకువను కనిపెట్టే యంత్రం ఒకటి ఉంటుంది. కొంతసేపు డ్రైవర్ ఏ పనీ చేయకపోతే అది హెచ్చరిస్తుంది, బటన్ నొక్కకపోతే తానే బ్రేకు వేస్తుంది. అది హెచ్చరించింది. నేను నొక్కాను. మళ్లీ హెచ్చరించినప్పుడు మళ్లీ నొక్కాను. నిద్రలో దోమను తోలుకున్నట్టు నా చెయ్యి దానంతట అదే ఆ పని చేసింది. యంత్రం లెక్క ప్రకారం నేను మెలకువగా ఉన్నాను.

నా పక్కనున్న కుర్రాడి లెక్క వేరు. కాషన్ చెప్పాక డ్రైవర్ చెయ్యి ఎటు వెళ్లాలో అతనికి తెలుసు. అది వెళ్లలేదని చూశాడు. ‘‘సార్, హోమ్ డేంజర్!’’ అని, అంటే స్టేషన్‌లోకి వెళ్లే ముందున్న సిగ్నల్ ఎర్రగా ఉందని అరిచి, నా జవాబు కోసం ఆగకుండా తన వైపున్న ఎమర్జెన్సీ బ్రేకు వేశాడు. ఎర్ర సిగ్నల్‌కు ఇవతల బండి ఆగింది. అవతల స్టేషన్‌లోని పక్క పట్టాల మీద (లూప్ లైనులో) ఏ బండి ఉందో, అసలు ఉందో లేదో కూడా నేను కనుక్కోలేదు. కనుక్కునే ధైర్యం లేకపోయింది. అతను మంచినీళ్ల సీసా నా చేతికిచ్చి, ముఖం కడుక్కోమని మాత్రం అన్నాడు.

అప్పటి నుంచి నాకు ఒక విషయంలో సందేహం లేదు. అలసిపోయిన మనిషికి తాను అలసిపోయానన్న సంగతి చివరగా తెలుస్తుంది. అది పక్కవాడికి ముందే తెలుస్తుంది. ముఖంలో, గొంతులో, ఒక్క క్షణం ఆలస్యమైన చేతిలో తెలుస్తుంది. కాక్‌పిట్‌లోనూ ఇదే పద్ధతి ఉందని చదివి తెలుసుకున్నాను. ఒకరు విమానం నడుపుతుంటే రెండోవారు పర్యవేక్షిస్తారు. ఆ పనికి పైలట్ మానిటరింగ్ అని పేరు కూడా ఉంది. ఎత్తు ఎంత పెట్టామో ఒకరు చెబితే మరొకరు చూసి ఔనంటారు. చెక్‌లిస్ట్ ఒకరు చదువుతారు, మరొకరు జవాబిస్తారు. ఇది మా కాల్ అవుట్‌కు తోబుట్టువు.

నేను యంత్రాలకు వ్యతిరేకిని కాను. నేను ఎక్కువగా నడిపిన సికింద్రాబాద్, మహబూబ్‌నగర్, గద్వాల, డోన్ మార్గంలో ఇప్పుడు కవచ్ అమర్చారు. డ్రైవర్ ఎర్ర సిగ్నల్ దాటబోతే అదే బ్రేకు వేస్తుంది. నా కాలంలో అది ఉంటే ఆ రాత్రి అసిస్టెంట్ అరవాల్సిన అవసరమే రాకపోను. ఢిల్లీ మెట్రోలో 2020 డిసెంబర్ నుంచి ఒక మార్గంలో డ్రైవర్ లేని రైళ్లు నడుస్తున్నాయి. ముంబై లోకల్ రైళ్లలో ముందు భాగంలో మోటర్‌మన్ ఒక్కడే ఉంటాడు. వాటిని నేను తప్పు పట్టను. ‘‘రైళ్లలో సాధ్యమైంది విమానాల్లో ఎందుకు సాధ్యం కాదు?’’ అని మా అల్లుడే నన్ను అడిగాడు. అతను కంప్యూటర్ ఉద్యోగి, వాదనలో ఊరికే వదలడు. ఆ ప్రశ్న గురించి నాలుగు రోజులు ఆలోచించాను.

పట్టాల మీద యంత్రానికి ఒక గొప్ప వెసులుబాటు ఉంది. ఏమి చేయాలో తెలియనప్పుడు ఆగిపోవచ్చు. సిగ్నల్ వైరు తెగితే ఎర్ర దీపం వెలుగుతుంది, బ్రేకు పైపు తెగితే బ్రేకు పడుతుంది, మోటర్‌మన్ చెయ్యి వదిలితే డెడ్‌మ్యాన్ హ్యాండిల్ బండిని ఆపుతుంది. రైల్వేలో రక్షణ ఏర్పాట్లన్నీ చివరికి ఒకే దగ్గరికి చేరతాయి: అనుమానం వస్తే ఆగు. 2024 ఫిబ్రవరి 25న జమ్మూలోని కఠువా నుంచి రాళ్ల లోడుతో ఉన్న గూడ్స్ బండి డ్రైవర్ లేకుండానే కదిలి, 70 కిలోమీటర్ల దాకా పరుగెత్తి పంజాబ్‌లోకి వెళ్లిపోయింది. చివరికి పట్టాల మీద చెక్క దిమ్మెలు, ఇసుక బస్తాలు వేసి ఆపారు. ఎవరికీ ఏమీ కాలేదు. ఆ వార్త చదివి పాత రైల్వే వాళ్లమందరం సిగ్గుపడ్డాం. కానీ ఆ బండిని చెక్క దిమ్మెతోనైనా ఆపగలిగారు కదా.

35 వేల అడుగుల ఎత్తులో చెక్క దిమ్మె ఎక్కడ వేస్తారు? అక్కడ ఆగే వీలు లేదు. అనుమానం వచ్చినా, యంత్రం చేతులెత్తేసినా, ఉన్న ఒక్క మనిషి స్పృహ తప్పినా, విమానం గంటకు 800 కిలోమీటర్ల పైన వేగంతో ముందుకు సాగుతూనే ఉండాలి. ఆ తర్వాత ఎవరో ఒకరు దాన్ని నేలకు దింపాలి. మా అల్లుడికి ఈ మాటే చెప్పాను. అప్పుడతను విమానాన్ని తానే దింపే యంత్రాల గురించి చెప్పాడు. చిన్న విమానాల కోసం గార్మిన్ సంస్థ చేసిన అలాంటి ఏర్పాటుకు 2020లో అనుమతి వచ్చిందట. పైలట్ స్పృహ తప్పితే ప్రయాణికుడు ఒక బటన్ నొక్కితే చాలు, దగ్గరి రన్‌వే వెతుక్కుని దింపుతుంది. చాలా మంచి విషయం. అలాంటిది ప్రతి విమానంలోనూ రావాలి. అది ఇద్దరు పైలట్లకు తోడుగా రావాలి.

ఒక్కరే మిగిలితే ఏమవుతుందో ఊహించనవసరం లేదు, అలాంటి సంఘటనలు జరిగి ఉన్నాయి. 2024 ఫిబ్రవరి 17న లుఫ్తాన్సా విమానం ఒకటి ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి స్పెయిన్‌లోని సెవిల్ వెళుతోంది. లోపల 199 మంది ప్రయాణికులు, ఆరుగురు సిబ్బంది. కో-పైలట్ బాగానే ఉన్నాడనుకుని కెప్టెన్ మరుగుదొడ్డికి వెళ్లాడు. ఆ కొద్ది నిమిషాల్లోనే కో-పైలట్ స్పృహ కోల్పోయాడు. అతనికి ఉన్న జబ్బు అంతకుముందు వైద్య పరీక్షల్లో పట్టుబడలేదు. కెప్టెన్ తిరిగి వచ్చి తలుపు కోడ్ అయిదుసార్లు నొక్కాడు. లోపలి నుంచి జవాబు లేదు. విమాన సిబ్బంది ఇంటర్‌కామ్‌లో పిలిచారు, జవాబు లేదు. చివరికి అత్యవసర కోడ్ నొక్కాక, దాని గడువు పూర్తయ్యేలోగా కొంత తేరుకున్న కో-పైలట్ తానే తలుపు తీశాడు. పాలిపోయిన ముఖం, ఒళ్లంతా చెమట. దాదాపు 10 నిమిషాల పాటు 200 మందికి పైగా మనుషులు నడిపేవాడు లేని విమానంలో ఉన్నారు. వారికి ఆ సంగతి తెలియదు. కెప్టెన్ విమానాన్ని మాడ్రిడ్‌కు మళ్లించి దింపాడు.

ఆటోపైలట్ నిలకడగా నడిపింది కదా, ఏమీ కాలేదు కదా అని ఈ సంఘటననే ఒంటరి పైలట్‌కు అనుకూలంగా చెప్పేవారున్నారు. నేను దాన్ని మరోలా చదివాను. ఆ విమానం దిగింది రెండో పైలట్ ఉండబట్టి. తలుపు అవతల ఉన్నాడు, అయినా విమానంలోనే ఉన్నాడు, మెలకువగా ఉన్నాడు, ఆ విమానం ఎంత దూరం వచ్చిందో ఆకాశం ఎలా ఉందో 10 నిమిషాల కిందటి దాకా చూస్తూనే ఉన్నాడు. బంకులో గాఢ నిద్రలో ఉన్నవాణ్ని లేపి కూర్చోబెట్టడానికీ దీనికీ ఎంత తేడా ఉందో రన్నింగ్ రూమ్‌లో, అంటే రైల్వే సిబ్బంది విశ్రాంతి గదిలో, డ్యూటీకి పిలిచే కాల్ బాయ్ తట్టి లేపిన ప్రతి డ్రైవర్‌కూ తెలుసు. లేచి నిలబడతాం, బూట్లు వేసుకుంటాం, సంతకం కూడా పెడతాం. బుర్ర మాత్రం చాలాసేపటికి గానీ లేవదు. 2009 జూన్ 1న అట్లాంటిక్ మీద ఎయిర్ ఫ్రాన్స్ 447 విమానంలో వేగం కొలిచే గొట్టాలు మంచుతో మూసుకుపోయి ఆటోపైలట్ వదిలేసినప్పుడు కెప్టెన్ విశ్రాంతిలో ఉన్నాడు. ఒకటిన్నర నిమిషంలో కాక్‌పిట్‌లోకి వచ్చాడు. అప్పటికి మిగిలింది మరో మూడు నిమిషాలే. ఏమి జరుగుతోందో అతనికి అంతుబట్టేలోపు 228 మంది సముద్రంలో కలిసిపోయారు. అక్కడ కుర్చీల్లో ఇద్దరున్నారు, అయినా ఓడిపోయారు. అదే చోట నిద్రమత్తులో ఉన్న ఒక్కడిని ఊహించుకోండి.

తలుపు వెనక ఒక్కరే మిగిలిన మరో రెండు సంఘటనలు మీకు నాకంటే బాగా తెలుసు. 2015 మార్చి 24న జర్మన్‌వింగ్స్ విమానంలో కెప్టెన్ బయటికి వెళ్లగానే కో-పైలట్ తలుపు బిగించి, విమానాన్ని ఆల్ప్స్ కొండలకు గుద్దాడు. 150 మంది చనిపోయారు. మన దేశంలోనే 2010 మేలో దుబాయి నుంచి పుణె వస్తున్న బోయింగ్ 737లో కెప్టెన్ లేని సమయంలో, కుర్చీ సర్దుకోబోయిన కో-పైలట్ పొరపాటున కంట్రోల్‌ను ముందుకు నెట్టాడు. విమానం వేల అడుగులు కిందికి జారింది. యువకుడు గాభరా పడిపోయాడు. కెప్టెన్ అత్యవసర కోడ్‌తో తలుపు తెరిచి లోపలికి దూకి విమానాన్ని సరిచేశాడు. ఒకటి మనసు చెడిన మనిషి కథ, ఒకటి భయపడిన మనిషి కథ, లుఫ్తాన్సాది ఒళ్లు మోసం చేసిన మనిషి కథ. యంత్రాలు ఎంత తెలివైనవైనా ఈ మూడూ మనుషులకు వస్తూనే ఉంటాయి.

ఇక్కడ నా వాదనకు ఎదురుగా నిలిచే ప్రమాదం ఒకటి ఉంది. దాన్ని దాటవేస్తే ఈ లేఖకు విలువ ఉండదు. 2010 మే 22 తెల్లవారుజామున దుబాయి నుంచి వచ్చిన ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ విమానం మంగళూరులో కొండ మీద ఉన్న టేబుల్‌టాప్ రన్‌వే దాటి లోయలో పడింది. 158 మంది చనిపోయారు, ఎనిమిది మంది బతికారు. కాక్‌పిట్ శబ్దాల రికార్డర్‌లో నమోదైన సమయంలో గంటన్నరకు పైగా కెప్టెన్ నిద్రలోనే ఉన్నాడని విచారణ తేల్చింది. లేచాక మత్తు వదలని మెదడుతో విమానాన్ని ఎత్తుగా, వేగంగా తెచ్చాడు. కో-పైలట్ ‘‘గో అరౌండ్’’ అని ఒకసారి కాదు, మూడుసార్లు చెప్పాడు. దిగడం మానేసి మళ్లీ పైకి లేపుదామని ఆ మాటకు అర్థం. కెప్టెన్ వినలేదు. కో-పైలట్ కంట్రోల్ తన చేతిలోకి తీసుకోలేదు.

ఇద్దరున్నా కాపాడలేకపోయారు కదా, ఇక రెండోవాడు ఎందుకు అని అడిగేవారికి నేను ఇంతే చెప్పగలను. ఆ రాత్రి ఆ విమానంలో నిజం తెలిసిన మనిషి ఒకడు ఉన్నాడు, పైకి చెప్పాడు కూడా. లోపం అతని ఉనికిలో లేదు. అతని మాటకు బలం లేకపోవడంలో ఉంది. మా కుర్రాడు కూడా నేను సీనియర్‌నని మొహమాటపడి ఉంటే? బ్రేకు వేసినందుకు పై అధికారి సంజాయిషీ అడుగుతాడని భయపడి ఉంటే? అతను భయపడకుండా వేశాడంటే, అసిస్టెంట్ వేసిన బ్రేకును ఎవరూ తప్పు పట్టకూడదని అతనికి నేర్పిన పెద్దలు మా లాబీలో, అంటే డ్రైవర్లు డ్యూటీకి హాజరయ్యే ఆఫీసులో, ఉండబట్టి. మంగళూరు చెబుతున్నది రెండో పైలట్‌కు నోరు, చెయ్యి రెండూ ఇమ్మని. మొదటి పైలట్‌కు నిద్ర ఇమ్మని. ఆ 158 మంది పేరు చెప్పి రెండో కుర్చీ ఎత్తేయడం వారికి చేసే అన్యాయం. ఈ మాట రాస్తుంటే నా చెయ్యి వణుకుతోంది. ఆ విమానంలో వచ్చింది మా పాలమూరు నుంచి వెళ్లేలాంటి మనుషులే. గల్ఫ్‌లో రెండేళ్లు పనిచేసి, పిల్లలకు బొమ్మలు కొనుక్కుని, తెల్లవారే సరికి ఇంట్లో ఉంటామనుకున్నవారు.

‘‘ఒకప్పుడు కాక్‌పిట్‌లో అయిదుగురు ఉండేవారు, తగ్గిస్తూ వచ్చాం, విమానాలు పడిపోలేదు, పైగా భద్రత పెరిగింది’’ అన్నది తయారీ సంస్థల వాదనల్లో బలమైనది. నిజమే. రేడియో ఆపరేటర్ పోయాడు, నావిగేటర్ పోయాడు, 1980లలో ఫ్లయిట్ ఇంజినీర్ కూడా పోయాడు. 1989లో సేవలోకి వచ్చిన 747-400 అంత పెద్ద విమానాన్ని ఇద్దరితో నడిపించింది. మా ఇంజిన్లలోనూ ఆవిరి పోగానే బొగ్గు వేసే ఫైర్‌మన్ అవసరం పోయింది. అయితే వారంతా ఒక్కొక్క పని చేసేవారు, ఆ పనిని యంత్రం తీసుకుంది. బొగ్గే లేనప్పుడు బొగ్గు వేసేవాడితో ఏమి పని? రెండో పైలట్‌ది ఆ లెక్క కాదు. మొదటివాడి తప్పును మొదటివాడికి చూపించడం అతని పని. మనిషి తప్పు చేస్తున్నంత కాలం ఆ పని ఉంటుంది.

యంత్రానికి సైతం రెండో సాక్షి కావాలని బోయింగ్ 737 మ్యాక్స్ నేర్పింది. విమానం ముక్కు ఎంత పైకి లేచిందో కొలిచే సెన్సర్లు ఆ విమానానికి రెండున్నాయి. ముక్కును దానంతట అదే కిందికి నెట్టే కొత్త ఏర్పాటు మాత్రం వాటిలో ఒక్కదాని మాటే వినేలా చేశారు. ఆ ఒక్కటి అబద్ధం చెప్పింది. 2018 అక్టోబర్‌లో ఇండొనేషియాలో 189 మంది, 2019 మార్చిలో ఇథియోపియాలో 157 మంది చనిపోయారు. దిద్దుబాటులో భాగంగా చేసిందేమిటి? రెండు సెన్సర్ల మాటనూ పోల్చి చూసి, తేడా ఉంటే జోక్యం చేసుకోకుండా మార్చారు. ఇనుముకే ఆ నియమం పెట్టినవారు మనిషి విషయంలో దాన్ని ఎత్తేయమంటున్నారు.

నేల మీద నుంచి సాయం చేస్తారన్న మాట కూడా నన్ను ఒప్పించలేదు. మాకూ కంట్రోల్ ఆఫీసు ఉండేది. సెక్షన్ కంట్రోలర్లలో గొప్పవారిని చూశాను, వారి మాటతో గట్టెక్కిన రాత్రులు ఉన్నాయి. కానీ వారికి నా ముఖం కనబడదు. 2009 జనవరి 15న న్యూయార్క్‌లో పక్షులు తగిలి రెండు ఇంజిన్లూ ఆగిన విమానాన్ని హడ్సన్ నదిలో దింపి 155 మందినీ బతికించిన కెప్టెన్ సల్లెన్‌బర్గర్ పేరు అందరికీ తెలుసు. పక్షులు తగిలాక వారికి దొరికింది 208 సెకన్లు. ఆయన విమానాన్ని పట్టుకుని ఎక్కడ దింపాలో నిర్ణయిస్తుంటే, పక్కన ఫస్ట్ ఆఫీసర్ జెఫ్రీ స్కైల్స్ ఇంజిన్లు తిరిగి రాజేయడానికి చెక్‌లిస్ట్ వెంట పరుగెత్తాడు. రెండు తలలు, నాలుగు చేతులు, ఒకే గది. ఆ 208 సెకన్లలో నేల మీది మనిషికి పరిస్థితి వివరించడానికే ఎన్ని పోతాయి?

యూరప్ విమాన భద్రతా సంస్థ యాసా ఈ విషయం మీద చేయించిన పెద్ద అధ్యయనం 2025లో బయటికి వచ్చింది. నిలకడగా సాగే సమయంలో ఒక్క పైలట్ ఉంటే, ఇద్దరున్నప్పటితో సమానమైన భద్రత ఉంటుందని తగినంతగా నిరూపించలేమని అది తేల్చింది. అలసట, నిద్రమత్తు, స్పృహ తప్పడం, ఒకరినొకరు సరిచూసుకునే వీలు లేకపోవడం, ఆఖరికి మరుగుదొడ్డికి వెళ్లాల్సిన అవసరం కూడా అందులో ఉన్నాయి. నాకు ఇది పెద్ద ఊరట. అయితే తలుపు మూశారే గానీ గడియ పెట్టలేదు. యంత్రాలు మెరుగయ్యాక మళ్లీ అడుగుతారు.

ఎందుకు అడుగుతారో మనం చూశాం. 2025 డిసెంబర్ మొదటి వారంలో శంషాబాద్‌లో ప్రయాణికులు సూట్‌కేసుల మీద తలపెట్టి నేల మీద పడుకున్నారు. పైలట్ల వారపు విశ్రాంతిని 36 గంటల నుంచి 48కి పెంచుతూ, రాత్రి ల్యాండింగ్‌లను ఆరు నుంచి రెండుకు తగ్గిస్తూ మీరు తెచ్చిన నిబంధనలు మంచివి. వాటికి సరిపడా పైలట్లను సిద్ధం చేసుకోకపోవడంతో ఒక పెద్ద సంస్థ విమానాలు వేల సంఖ్యలో రద్దయ్యాయి. అప్పుడు మీరు ఆ సంస్థకు కొన్ని నిబంధనల నుంచి తాత్కాలిక మినహాయింపు ఇచ్చారు. జనం ఇబ్బంది చూసి ఇచ్చారని అర్థం చేసుకోగలను. కానీ పైలట్ల కొరత వచ్చినప్పుడు ముందుగా తగ్గింది వారి విశ్రాంతే అన్న సంగతి నా మనసులో ముల్లులా ఉండిపోయింది. రేపు అదే కొరతను చూపించి ‘‘ఇద్దరి చోట ఒక్కరు చాలు’’ అని సంస్థలు మీ ముందుకు వస్తే?

మా దక్షిణ తెలంగాణకు విమానం దూరపు వస్తువేమీ కాదు. నల్లగొండ జిల్లా పెద్దవూర మండలంలో 2022 ఫిబ్రవరి 26న ఒక శిక్షణ విమానం పొలాల్లో కూలి, ఒంటరిగా నడుపుతున్న యువతి చనిపోయింది. పైలట్ కావాలంటే ఒంటరిగా ఎగరడం నేర్చుకోవాల్సిందే, ఆ బిడ్డ దుఃఖాన్ని నా వాదనకు వాడుకోను. ఆ పక్క ఊళ్లో ఉన్న మా బంధువులు చాలా రోజుల వరకు ఆకాశంలో చప్పుడు వినబడితే బయటికి వచ్చి చూసేవారు. విమానం అంటే లోపల కూర్చున్నవారి సంగతి మాత్రమే కాదని ఆ ఊళ్లకు తెలిసింది. అందుకే, సరుకు విమానాలతో మొదలుపెడదాం, వాటిలో ప్రయాణికులు ఉండరు కదా అనే మాటనూ ఒప్పుకోకండి. అవి మా ఇళ్ల మీదుగానే దిగుతాయి.

మీ నుంచి నేను కోరేది ఇది. మన దేశంలో షెడ్యూలు ప్రకారం నడిచే ప్రయాణికుల విమానాల్లో, పెద్ద సరుకు విమానాల్లో, బయలుదేరిన దగ్గర నుంచి ఆగే వరకు అర్హత గల ఇద్దరు పైలట్లు కాక్‌పిట్‌లో విధిలో ఉండాలని సందేహానికి తావులేని మాటల్లో నిబంధన రాయండి. వారిలో ఒకరు మరుగుదొడ్డికి లేచిన ఆ కొద్ది నిమిషాలు సిబ్బందిలో ఒకరు లోపల ఉండడాన్ని ఎప్పటికీ సడలించకండి. మరో దేశం ఒంటరి పైలట్‌ను అనుమతించినా అలాంటి విమానానికి మన ఆకాశంలోకి, మన రన్‌వేల మీదికి అనుమతి లేదని ముందే చెప్పండి. ఐకావోలో ఈ అంశం వచ్చినప్పుడు భారత్ మౌనంగా ఉండకుండా కాదని చెప్పాలి. పైలట్ల విశ్రాంతి నిబంధనలకు ఇకపై మినహాయింపులు వద్దు. ‘‘గో అరౌండ్’’ అన్న కో-పైలట్‌ను, కంట్రోల్ అందుకున్న కో-పైలట్‌ను ఏ సంస్థా వేధించకుండా చూడండి. అతని అంచనా తప్పయినా సరే. మా కుర్రాడు ఆ రాత్రి పొరబడి బ్రేకు వేసి ఉన్నా, పోయేది పది నిమిషాల సమయమే.

అతను ఇప్పుడు తానే సీనియర్ లోకో పైలట్, రిటైర్మెంట్ దగ్గరపడింది. ఈ లేఖ మీకు పంపే ముందు అతనికి ఫోన్ చేసి చదివి వినిపించాను. బ్రేకు వేసిన సంగతి రాయడానికి అభ్యంతరం ఉందా అని అడిగాను. ‘‘రాయండి సార్, పేరు మాత్రం వద్దు’’ అన్నాడు. కాసేపాగి, ‘‘మీరు నొక్కిన బటన్ సంగతి కూడా రాయండి’’ అన్నాడు. రాశాను.

మీ జవాబు కోసం ఎదురుచూస్తూ,

భవదీయుడు,
ఒక విశ్రాంత లోకో పైలట్,
మహబూబ్‌నగర్